టైరు అంచు

పోయిన నెల మనవరాలి నిశ్చితార్థానికి చీర కొందామని ధర్మవరం వెళ్ళాం. నేను పుట్టిన వీధికి కూతవేటు దూరంలో పెద్ద షాపు వచ్చింది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోతే చలి, ఏదో అత్తరు వాసన, తెల్లటి పరుపుల మీద చీరలు. పట్టుకు వాసనంటూ ఒకటి ఉంటుందని ఆ షాపు కట్టినవాళ్ళకి తెలుసో లేదో. అక్కడి కుర్రాడు ఒక వంకాయరంగు చీర విప్పి అంచు వెలుగులోకి పెట్టి, "ఇది రాయల కాలం నాటి అంచు మేడమ్. పెనుకొండ మంటపంలో స్తంభం మీద ఇదే డిజైను ఉండాది. ఇట్ల వరసగా వచ్చి ఈడ ఒక పువ్వు తక్కువుంది, చూసినారా? దిష్టి తగలకుండా ఆ కాలం నేతగాళ్ళు కావాలనే ఒకటి ఇడిసిపెట్టేవాళ్ళు" అన్నాడు. మనవరాలు కళ్ళు పెద్దవి చేసుకుని ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. "అది బస్సు టైరు గుర్తు నాయనా. అక్కడ పువ్వు లేదు. రాయి తగిలి ఊడిపోయిన టైరు బటను అది. వేసింది మా అక్క" అన్నాను. ఆ కుర్రాడు నన్ను కాదు, మనవరాలిని చూసి నవ్వాడు. వయసు మీద పడితే ఇలాగే ఉంటుంది లెండి అన్నట్టు ఉంది ఆ నవ్వు. "అమ్మమ్మా, ఊరుకో" అంది మనవరాలు. చీర కొన్నాం. నేను ఊరుకున్నాను. మా ఇంట్లో ఆడవాళ్ళకి అన్నిటికంటే ముందు నేర్పిన పని అదే.

మా అక్క పేరు నాగరత్న. అందరికీ రత్న. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. నేను ఇన్నేళ్ళూ పిల్లలకు పాఠాలు చెప్పుకుని, అవీ ఇవీ రాసుకుని బతికాను కానీ అక్క గురించి ఒక్క ముక్క రాయలేదు. బతికుండగా ఆమే వద్దనేది. ఇప్పుడు వద్దనడానికి ఆమె లేదు.

మా ఇంటి ముందుగది మొత్తం మగ్గానిదే. నేలలో నడుము లోతు గుంత, గుంతలో నాయన కాళ్ళు, పైన నాయన. తెల్లారకముందే ఆయన గుంతలోకి దిగేవాడు. ఆ చప్పుడుకే మేము లేచేవాళ్ళం. మగ్గం ఆగిందంటే దారం తెగిందని, లేదా నాయనకు కోపం వచ్చిందని అర్థం. రెండూ ఒకటే. పెరట్లో అమ్మ గంగాళంలో సబ్బునీళ్ళు, సోడా కాచి పట్టు ఉడకబెట్టేది. ఆ వాసన తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. పాత చేపలబుట్టను సబ్బుతో కడిగినట్టుంటుంది. అన్నంలోనూ అదే, జడలోనూ అదే. బడిలో మా పక్కన కూర్చున్న కోమట్ల పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. సాయంత్రం వాళ్ళమ్మలు మా నాయన నేసిన చీర కట్టుకుని పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు. అవ్వ, అంటే మా నాయన తల్లి, బుగ్గలో పొగాకు పెట్టుకుని గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. నిలువు పోగుల పడుగు వీధిలో సాగదీసి గంజి పట్టించడం, తెగిన పోగులు వెతికి ముడేయడం, అయిపోయిన పడుగుకు కొత్త పడుగు పోగు పోగుగా అతకడం అక్క పని. పోగులు పట్టుకుని చూపించడం నా పని. లెక్క వేస్తే ఒక చీర వెనక ముప్పాతిక పని ఆడవాళ్ళది. చీర నేసిందెవరని అడిగితే మాత్రం నాయన పేరే చెప్పేవాళ్ళం, మేము కూడా.

ఇంట్లో ఒక కట్టు ఉండేది. ఆడది గుంతలో కాలు పెట్టకూడదు. మా వీధిలో అన్ని ఇళ్ళలోనూ ఇలా లేదు. కొన్ని ఇళ్ళలో భార్యాభర్తలిద్దరూ నేసేవాళ్ళు. కానీ మా అవ్వకు మాత్రం గుంతలో దేవుడుండేవాడు. "ఆడదాని కాలు తగిల్తే దారం నిల్సదు" అనేది. తెగిన ప్రతిసారీ రాట్నం ఆపి మా ఇద్దరి వంక చూసేది, ఎవరు తగిలించారా అని. మధ్యాహ్నం నాయన భోంచేసి కునుకు తీసేటప్పుడు అక్క గుంత ఒడ్డున కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మళ్ళీ ఎక్కడుందో అక్కడే పెట్టేది. విసిరేది కాదు. చప్పుడవుతుందని భయం. "ఒగ దినమన్నా ఈడ కూర్చోవల్ల పాపా" అని నాతో అనేది. ఇంకేదీ అడగ్గా నేను వినలేదు. నగ అడగలేదు, సినిమా అడగలేదు.

మా ఇల్లు వీధి మొదట్లో, బస్సులు తిరిగే రోడ్డుకు ఆనుకుని ఉండేది. హిందూపురం నించి పెనుకొండ మీదుగా వచ్చే ఆఖరి బస్సు రాత్రికి మా వీధి చివర ఖాళీ బయల్లో నిలిచేది. పొద్దున్నే మా గడప ముందు నించే మళ్ళీ బయల్దేరేది. అక్క సరిగ్గా ఆ వేళకే వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు కలిపేది. ముగ్గు పూర్తవడం, బస్సు రావడం, చక్రాలు దాని మీదుగా పోవడం. రోజూ ఇదే తంతు. డ్రైవరు కాసీం హిందూపురం మనిషి. లావుపాటి మీసాలు, మెత్తటి గొంతు. అక్క ఒకనాడు చీపురు పట్టుకుని బస్సుకు అడ్డంగా నిలబడింది.

"ఏమన్నా, కండ్లు కనపడవా? దినామూ నా ముగ్గు మీదనే తోల్తాండావే?"

"దావ ఇంతే గదా పాపా. రెక్కలుంటే పైన ఎగిరిస్తా" అన్నాడు కాసీం. బస్సులో వాళ్ళందరూ నవ్వారు. అక్కకు ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు ఏమనుకుందో, కళ్ళాపి చల్లి ముగ్గు వేయకుండా నిలబడింది. బస్సు పోయింది. తడి పేడ అలుకు మీద చక్రం అచ్చు పడింది. పక్కపక్కనే వంకర గీతలు, గీతల నడుమ బటన్లు, బటనుకూ బటనుకూ మధ్య సన్నటి సందు. టైరు మీద ఉండే ఆ గుబ్బల్ని అందరూ బటన్లనే అనేవాళ్ళు. అక్క వంగి చూసింది. తర్వాత ముగ్గుపిండి తీసుకుని ఆ సందుల్లో సన్నగా పోసింది. మట్టి రంగు మీద తెల్లటి గొలుసు తేలింది. ఆ వేళ మా వాకిట్లో వేరే ముగ్గు లేదు. అది చూసి అవ్వ రాట్నం వదిలి బయటికొచ్చింది. "ఏమ్మే, వాకిట్లో లక్ష్మి రావల్లనా, లారీ రావల్లనా?" అని అరిచింది. అక్క నవ్వేసింది. అంతలా నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు కాబట్టి గుర్తుంది.

ఇక అది అక్కకు పిచ్చిగా మారింది. మా గడప దగ్గర బస్సు రోడ్డు మీదికి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం అచ్చు, వెనక చక్రాలది విడివిడిగా పడతాయని, రెండూ వేరని కనిపెట్టింది. ముందుదానికి నీళ్ళలో అలల్లాంటి గీతలు, వెనకవాటికి అడ్డకట్లు. మిల్లు లారీది ఒక రకం, ఆఫీసర్ల జీపుది ఒక రకం. వాన అరుదైన ఊరు మాది. వాన పడితే చాలు, పిల్లలందరూ తడవడానికి పరుగెత్తితే అక్క రోడ్డు మీద బురద చూడటానికి పోయేది. కళ్ళాపి చల్లేటప్పుడు నీళ్ళు ఎక్కువైతే అచ్చు చెదురుతుందని, తక్కువైతే పడదని లెక్క చూసుకునేది. కాసీం కూడా ఆ ఆటలోకి దిగాడు. మా గడప దగ్గరికి రాగానే బస్సు నెమ్మది చేసి అచ్చు చెదరకుండా తోలేవాడు. "సరిగ్గా పడిందా పాపా?" అని కిటికీలోంచి అడిగేవాడు. ముందు చక్రం అచ్చులో మాత్రం వరసలో ఒక చోట బటను ఉండేది కాదు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి మళ్ళీ అదే ఖాళీ. అదేమిటని అక్క అడిగితే కాసీం మొహం చిన్నబోయింది. "పెనుకొండ కాడ కొండ మలుపులో రాయి తగిలి ఊడిపాయ. మా ఓనరు కొత్త టైరు ఇయ్యడు. గుండు అయ్యేదంకా తోలమంటాడు" అన్నాడు.

ఆ రోజుల్లోనే మా మగ్గం మీదికి కొత్తగా జకార్డు పెట్టె ఎక్కింది. చిల్లులు కొట్టిన అట్టల్ని దండలా గుచ్చి ఆ పెట్టె మీద వేస్తే, అట్ట ఎలా చెబితే అంచులో పోగులు అలా లేస్తాయి. పెట్టె అయితే వచ్చింది కానీ అందులో పెట్టడానికి కొత్త అంచు లేదు. సరుకు కొనే హిందూపురం సావుకారు, నాయన చూపించిన మామిడి పిందెల్నీ రుద్రాక్షల్నీ పక్కకు తోసి, "బెంగుళూరులో ఇవి ఎవురూ అడగల్లేదప్పా. ఏమన్నా కొత్తది చూపించు" అని వెళ్ళిపోయాడు. నాయన రెండు రోజులు గుంతలోకి దిగలేదు. మూడో పొద్దున ఆయన గడప మీద నిలబడి పళ్ళు తోముకుంటూ వాకిలి వంక చూశాడు. తెల్లటి గొలుసు అప్పటికింకా చెదరలేదు. చాలాసేపు చూశాడు.

"ఇది ఎవురేసిన్యారే?"

"నేనే నాయనా."

"గళ్ళ కాగితం మీద ఎత్తగలవా?"

అక్క వెంటనే సరేననలేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం అదే. మా ఇంట్లో నాయన అడిగితే సరే అనడం తప్ప వేరే మాట ఉండేది కాదు. అక్క చేతులకంటిన పిండి దులుపుకుని, "ఎత్తిస్తా. నన్ను మగ్గంలో కూర్చోబెడ్తావా?" అంది. లోపల అవ్వ రాట్నం ఆగింది. నాయన అవ్వ వైపు చూసి, వాకిలి వైపు చూసి, "ఈ అంచు అమ్ముడుపోనీ. రెండో మగ్గం పెడ్తా. దాని గుంత నీకే. ఇదే మాట" అన్నాడు. అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆ మాటకు సాక్షులం అమ్మా, నేనూ.

అక్క ఆ అంచును గడి గడిగా కాగితం మీదికి ఎత్తడం నేను పక్కన కూర్చుని చూశాను. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొట్టే ఆయన, ఆ ఊడిన బటను దగ్గర పూర్తి చేసేద్దాం, వరస తప్పినట్టుంటుంది అన్నాడు. నాయనదీ అదే మాట. అక్క ఒప్పుకోలేదు. "చక్రం ఒగ సుట్టు తిరిగితే ఆ ఖాళీ ఒగ తూరి వస్తాది. అట్టల దండ కూడా చక్రమే గదా నాయనా. ఒగ సుట్టుకు ఒగ ఖాళీ. కష్టమేముండాది? అది లేకపోతే అది మన బస్సే కాదు" అంది. ఆ పోలిక నాయనకు నచ్చింది. నిజంగానే అట్టల దండ కూడా మగ్గం మీద చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది. అలా కాసీం టైరు దెబ్బ పట్టులోకి ఎక్కింది. మొదటి చీర మగ్గం దిగినప్పుడు జరీలో ఆ గొలుసు చూసి అవ్వ కూడా ఒక్క క్షణం పొగాకు నమలడం ఆపింది. వెంటనే తేరుకుని, "చెప్పులకు టైరు అడుగులేస్తారు. చీరకూ టైరేనా? ఎవురన్నా వింటే ఉమ్మేస్తారు" అంది.

ఆ మాట నాయన చెవిన పడింది. అదే కొంప ముంచింది. సావుకారు వచ్చి చీర విప్పి, అంచు వేళ్ళతో తడిమి, "ఇది బాగుండాదప్పా! యాడ పట్టినావు?" అన్నాడు. పట్టు ఉడికించే గంగాళం దగ్గర అమ్మ, మగ్గం పక్కన నేను, గుమ్మంలో అక్క. ముగ్గురం నాయన నోటి వంక చూస్తున్నాం. టైరు అంటే ఆ చీర పెళ్ళి పందిట్లోకి పోదు, నిజమే. టైరు దేన్ని తొక్కుతుందో అందరికీ తెలుసు. కానీ టైరు మాట ఎత్తకుండా, మా రత్న వేసింది అని ఒక్క మాట అనడానికి ఏమడ్డం? నాయన గొంతు సవరించుకుని, "పెనుకొండలో మంటపం స్తంభం మీద చూసినా. రాయల కాలం నాటిది" అన్నాడు. నాయన పెనుకొండలో బస్సు దిగిన మనిషి కాదు. కిటికీలోంచి కొండను చూసి ఉంటాడంతే. కన్నకూతురి పేరు చెప్పడం కంటే ఎన్నడూ చూడని రాయి పేరు చెప్పడం ఆయనకు సులువుగా వచ్చింది. అక్క లోపలికి పోయింది. నేను వెనకే పోయి ఏదో అనబోతే, "పోనీలే పాపా. పేరేం చేసుకుంటాం. మగ్గం వస్తాది గదా" అంది.

కాసీంకు మాత్రం నిజం చెప్పింది. చీర తీసుకుపోయి చూపించింది కూడా, నాయన లేనప్పుడు. కాసీం చేతులు లుంగీకి తుడుచుకుని, ముట్టుకోకుండా వంగి అంచంతా చూశాడు. ఖాళీ కనపడగానే గట్టిగా నవ్వాడు. "నా టైరు పట్టుచీరెక్కింది! మా ఓనరుకు చెప్పల్ల, దీనికి కొత్తది వద్దు, బీరువాలో పెట్టమని" అన్నాడు. ఆ అంచు చూసి అక్క మొహం చూసినవాడు, అది నీ పని అన్నవాడు, ఆ ఊళ్ళో ఆయనొక్కడే. మా బంధువు కాదు, మా కులం కాదు, మా మతం కాదు.

చీరలు అమ్ముడుపోయాయి. ఎంతగా అంటే మా వీధిలో ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు ఆ అంచు చూసి ఎత్తుకున్నారు, ఖాళీతో సహా. అందులో ఏదో శాస్త్రం ఉందనుకున్నారు. ఒకాయన దిష్టి అన్నాడు, ఇంకొకాయన అమ్మవారి ముక్కుపుడక అన్నాడు. నాయన దేన్నీ కాదనలేదు. ఆ ఎండాకాలం ముందుగదికి ఆనుకుని కొత్త కొట్టం లేచింది, రెండో గుంత తవ్వారు. మట్టి తట్టలు మోసింది అక్క. గుంత లోపల గోడలు పేడతో అలికింది అక్క. తవ్వేటప్పుడూ అలికేటప్పుడూ ఆమె కాలు తగిలినా అవ్వ దేవుడికి కోపం రాలేదు. మగ్గం నిలిపి, గుంజలకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టిన పొద్దున అక్క తలంటుకుని, ఉతికిన లంగా వోణీ వేసుకుని కొట్టం గుమ్మంలో నిలబడింది. నాయన బత్తలపల్లి నించి తన చెల్లెలి కొడుకును పిలిపించాడని అప్పుడే తెలిసింది. అతను వచ్చి, మా అందరి వంకా నవ్వు మొహంతో చూసి, గుంతలోకి దిగాడు.

అక్క గుమ్మంలోంచి పక్కకు జరిగింది. నేనే అడిగాను. "అది అక్కది అన్న్యావు గదా నాయనా?" నాయన నా వంక చూడకుండా, "ఆడపిల్ల మగ్గంలో కూర్చుంటాదని తెలిస్తే సంబంధాలు రావు. పెండ్లి కానీ, అప్పుడు చూస్తాం" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. లాక్కుపోయి తిడుతుందనుకున్నాను. గంగాళం ముందు కూర్చుని, కర్రతో పట్టు తిప్పుతూ ఏడ్చింది.

మరుసటి ఏడు అక్కకు పెళ్ళి చేశారు. హిందూపురంలో, బెల్లం మండీలో గుమస్తాకు. మంచివాడే. కానీ ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే మగ్గం లేదు. నేను సెలవులకు పోతే ఆ ఇల్లంతా బెల్లం వాసన, ఈగలు. అక్క బావకు క్యారియరు కట్టి, అత్తకు కాళ్ళు పట్టి, పిల్లల్ని ఎత్తుకుని తిరిగేది. ఆ ఇంటి ముందు బండరాళ్ళు పరిచారు, వాటి మీద ఏ అచ్చూ పడదు. ఒకసారి సంతకు పోతుంటే ఎదురుగా ఒకావిడ ఆ అంచు చీర కట్టుకుని వచ్చింది. నేను అక్క మోచేయి పొడిచాను. "చూసినా" అంది అక్క, నడక ఆపకుండా.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని నన్ను పిల్లలు అడుగుతారు. ఇప్పుడు అంచులు కంప్యూటరులో వేస్తారు. మా వీధిలోనే ఆడపిల్లలు మగ్గం మీద కూర్చుంటారు, ఏ దేవుడికీ కోపం రాదు. వాళ్ళని చూసి సంతోషించాలి నేను. సంతోషం ముందు రాదు, కడుపుమంట ముందొస్తుంది. ఇంత సులువుగా అయ్యే పనిని ఎందుకంత గట్టిగా అడ్డుకున్నారని. ఆ రోజుల్ని బంగారు కాలమని చెప్పుకునే నా ఈడువాళ్ళని చూస్తే, మీ ఇళ్ళలో అక్కలు లేరా అని అడగాలనిపిస్తుంది.

నాయనకు ముసలితనంలో చూపు మందగించింది. బత్తలపల్లి మేనల్లుడు ఎప్పుడో సొంత మగ్గాలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండో మగ్గం ఊరికే పడి ఉండేది. అక్క నాయనను చూడటానికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అక్కకు అప్పటికి తల సగం నెరిసింది. నాయన మంచం మీద నించి చెయ్యి చాపి, "రత్నా, నీకు ఒగ మాట ఇచ్చినా. నాకు గ్యాపకం ఉండాది. మగ్గం ఖాళీగానే ఉండాది. పో, కూర్చో" అన్నాడు. చాలా పెద్ద మనసుతో అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

అక్క కొట్టంలోకి పోయింది. గుంత ఒడ్డున కూర్చుని, మెల్లగా కాళ్ళు లోపలికి దించింది. కింద తొక్కుడు కర్రల మీద పాదాలు పెట్టింది. బూజు పట్టిన నాడె తీసుకుని చీరకొంగుతో తుడిచింది. అలాగే పట్టుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎంతసేపటికీ చెయ్యి కదల్లేదు. చివరికి నాడె పక్కన పెట్టి, నాయనకు వినపడేలా, "నాకు నేసేది యాడొచ్చు నాయనా? ఎవురు నేర్పిచ్చిన్యారు?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

నాయన ఆ తర్వాత బతికిన కొద్ది కాలమూ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. "నా కూతురికి మగ్గమిస్తానన్న్యా, ఇచ్చినా. అదే వద్దనింది." ఆయన దినాల భోజనాల దగ్గర కూడా బంధువులు అదే మాట చెప్పుకున్నారు. ఇచ్చిన మాట తప్పని మనిషి అన్నారు. నేను విస్తరి ముందు నించి లేవబోయాను. పప్పు వడ్డిస్తూ వస్తున్న అక్క నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా అదిమింది. "తిను పాపా, సల్లారిపోతాది" అని, నా విస్తట్లో పప్పు వేసి, నాయనను పొగుడుతున్నవాళ్ళ విస్తళ్ళలో కూడా వేసుకుంటూ పోయింది.